మీటింగ్‌లో నోరు పెగలదు, అప్రైజల్‌లో పేరు కనబడదు

ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియానో మరాఠీయో, కాలేజీలో వచ్చీరాని ఇంగ్లీషు, ఉద్యోగానికి హైదరాబాదో పుణెనో భువనేశ్వరో. ఈ నెల ఉత్తరాలు రాసిన అమ్మాయిల్లో చాలామంది దారి ఇదే. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే వేస్తున్నాం. ఒకేలా ఉన్న ఉత్తరాలను కలిపి కుదించాం.

బరంపురం నుంచి: పదో తరగతి దాకా ఒడియా మీడియం. ఇంజినీరింగ్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. పని వస్తుంది. మీటింగ్‌లో మాత్రం నోరు పెగలదు. నేను చెప్పాలనుకున్నది పక్కనున్న అబ్బాయి చెప్పేస్తాడు, అందరూ బాగుందంటారు. ఇంగ్లీషు కోర్సు చేరితే ధైర్యం వస్తుందా? నాకేమీ రాదని ఏదో ఒక రోజు బయటపడుతుందేమోనని భయం కూడా ఉంది.

జవాబు: కోర్సుకు డబ్బు కట్టకండి, కనీసం ఇప్పుడే వద్దు. ఆ అబ్బాయి చెప్పిన మాటే మీ మనసులోనూ ఉంది కదా. అంటే విషయం తెలుసు. అతను ముందు అన్నాడు, మీరు వాక్యం సరిచూసుకుంటూ ఆగిపోయారు. కాబట్టి వాక్యం ముందే తయారుగా ఉండాలి.

రోజూ పొద్దున టీమ్ అంతా పని సంగతి చెప్పుకునే చిన్న మీటింగ్, అంటే స్టాండప్‌తో మొదలుపెట్టండి. పది నిమిషాల ముందు మూడు వాక్యాలు కాగితం మీద రాసుకోండి: నిన్న ఏది పూర్తయింది, ఇవాళ ఏది చేస్తాను, ఎవరి వల్ల ఏది ఆగింది. ‘పేమెంట్ పేజీ మీద పని చేస్తున్నాను’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘రీఫండ్ ఏపీఐ పూర్తయి టెస్ట్ సర్వర్‌లో ఉంది. టైమౌట్ ఒకటి మిగిలింది. డేటాబేస్ టీమ్ సాయంత్రం 4 లోపు ఇండెక్స్ వేయకపోతే రేపటి రిలీజ్‌లో ఇది ఉండదు’ అనండి. (ఏపీఐ అంటే ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాముతో మాట్లాడే దారి. టైమౌట్ అంటే జవాబు ఆలస్యమై పని ఆగిపోవడం. ఇండెక్స్ అంటే డేటాబేస్ తొందరగా వెతకడానికి పెట్టే సూచిక.) చూసి చదివినా తప్పు లేదు. వీడియో కాల్‌లో అది ఎవరికీ కనబడదు కూడా.

పెద్ద మీటింగ్ అయితే అజెండా ముందే అడిగి తెప్పించుకుని, ఒక ప్రశ్న, ఒక అంకె సిద్ధం చేసుకోండి. మొదటి పది నిమిషాల్లోనే ఏదో ఒకటి మాట్లాడాలి, ప్రశ్న అడిగినా చాలు. అరగంట మౌనంగా కూర్చున్నాక నోరు విప్పడం చాలా కష్టం. ముఖ్యమైన ఆలోచన ఉంటే మీటింగ్‌కు ముందే టీమ్ చాట్‌లో రెండు లైన్లుగా పెట్టండి. మీ పేరూ సమయమూ దాని పక్కనే పడతాయి. తర్వాత ఇంకెవరైనా అదే మాట అంటే, ‘అవును, పొద్దున నేను చాట్‌లో పెట్టింది అదే. దానికి ఇంకో ఇబ్బంది ఉంది, వినండి’ అని కొత్త విషయం ఒకటి జోడించండి. ‘అది నా ఐడియా’ అని ఊరుకుంటే గొడవలా వినిపిస్తుంది. కొత్త విషయం కలిస్తే చర్చ మీ వైపుకు తిరుగుతుంది. మధ్యలో అడ్డొస్తే ‘ఒక్క నిమిషం, నా మాట పూర్తి చేస్తాను’ అని అదే గొంతుతో కొనసాగించండి. ‘ఇది తప్పేమో గానీ’ అని మొదలుపెట్టే అలవాటుంటే ఈ రోజే మానేయండి.

ఇంగ్లీషు విషయానికి వస్తే, మీ పనికి రోజూ కావలసినవి నలభై యాభై వాక్యాలకు మించవు. వారానికి మూడు సార్లు, ఆ రోజు చేసిన పనిని రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి వినండి. మనవాళ్ళ మాటలో కనబడే లోపం వ్యాకరణం కంటే ఎక్కువగా తొందర. వాక్యం చివర మింగేస్తారు. యాస గురించి బెంగ పడకండి. చెన్నైవాళ్ళదీ ఢిల్లీవాళ్ళదీ కూడా యాసే.

ఇక బయటపడిపోతానన్న భయం. 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు దీనికి ఇంపోస్టర్ ఫినామినన్ అని పేరు పెట్టారు. వాళ్ళు గమనించింది చదువులోనూ ఉద్యోగంలోనూ రాణించిన ఆడవాళ్ళనే. పేరు తెలిసినంత మాత్రాన భయం పోదు, నిజమే. శుక్రవారం సాయంత్రం పావుగంట పెట్టి ఒక ఫైల్‌లో రాయండి: తేదీ, సమస్య, నేనేం చేశాను, ఏం మారింది. భయం వేసిన రోజు తెరిచి చదవడానికి అది పనికొస్తుంది. అప్రైజల్‌కు, అంటే ఏడాది పని చూసి రేటింగ్ ఇచ్చే సమయానికి, ఇంకా ఎక్కువ పనికొస్తుంది. దాని సంగతి బల్లార్షా అమ్మాయి ప్రశ్నలో చూడండి.

ధర్మాబాద్ నుంచి: నా పుల్ రిక్వెస్ట్‌కు (రాసిన కోడ్‌ను చూసి అసలు కోడ్‌లో కలపమని టీమ్‌కు పంపేది) సీనియర్ 43 కామెంట్లు పెట్టిండు. టీమ్ మొత్తం చూసింది. కోడ్ సుమారు 1,100 లైన్లు, 19 ఫైళ్ళు. రెండు రోజులు ల్యాప్‌టాప్ తెరవాలంటే మనసు రాలేదు. నాకు కోడింగ్ సరిపడదా?

జవాబు: 1,100 లైన్లు ఒకేసారి పంపితే ఎవరికైనా 40 కామెంట్లు వస్తాయి. రాకపోతేనే అనుమానించాలి, చదవకుండా ఆమోదించారని. కామెంట్ల లెక్క వదిలేసి పుల్ రిక్వెస్ట్ సైజు తగ్గించండి. 200 నుంచి 300 లైన్లు దాటితే చదివేవాళ్ళ ఓపిక అయిపోతుంది.

విడగొట్టే వరస ఇలా ఉండాలి. పేర్లు మార్చడం, ఫైళ్ళు జరపడం లాంటివి ముందు ఒక పుల్ రిక్వెస్ట్‌గా. డేటాబేస్ టేబుల్ మార్పు ఇంకొకటి. అసలు లాజిక్, దాని టెస్టులు కలిపి మూడోది. స్క్రీన్ మార్పులు చివర. ఎడిటర్ తనంతట తాను ఖాళీలు సర్దేసిన మార్పులను లాజిక్‌తో కలిపితే మీరు మార్చిన పది లైన్లు నాలుగు వందల లైన్ల అడుగున పడిపోతాయి. ఫార్మాటింగ్‌ను ఎప్పుడూ విడిగానే పంపండి.

పంపే ముందు టీ తాగి వచ్చి, బ్రౌజర్‌లో ఆ మార్పులను పరాయివాళ్ళ కోడ్‌లా చదవండి. వదిలేసిన ప్రింట్ లైన్లు, కామెంట్‌గా మార్చి నడవకుండా చేసిన పాత కోడ్, ఖాళీ విలువ వస్తే ఏమవుతుంది, నెట్‌వర్క్ తెగితే ఏమవుతుంది, పొరపాటున కోడ్‌లో ఉండిపోయిన పాస్‌వర్డ్. కామెంట్లలో సగం ఈ చదువుతోనే తగ్గుతాయి. వివరణలో నాలుగు ముక్కలు ఉండాలి: ఏం మార్చాను, ఎందుకు, ఎలా పరీక్షించాను, ఎక్కడ జాగ్రత్తగా చూడమంటున్నాను. ఆ నాలుగోది చాలామంది రాయరు. ‘ఈ లూప్ నాకూ అనుమానంగానే ఉంది’ అని ముందే రాస్తే ఆ కామెంట్ తప్పు పట్టినట్టు ఉండదు, మీ ప్రశ్నకు జవాబులా వస్తుంది.

వచ్చిన 43ను మూడు రాశులు పోయండి. నిజమైన బగ్‌లు, టీమ్ పద్ధతులు, సొంత అభిరుచులు. బగ్ అయితే సరిచేసి, అది మళ్ళీ రాకుండా ఒక టెస్ట్ రాయండి. పద్ధతి అయితే సరిచేసి, వీలుంటే లింటర్‌లో (కోడ్ పద్ధతి తప్పితే తనంతట తానే చెప్పే సాధనం) నియమంగా పెట్టించండి. మనిషి చెప్పాల్సినది మెషిన్ చెబితే ఎవరికీ మనసు నొచ్చదు. అభిరుచి అయితే ఒక్కసారి మీ కారణం చెప్పండి. రెండు విడతల్లో తేలకపోతే పది నిమిషాల కాల్ పెట్టుకుని, తేలిన విషయాన్ని పుల్ రిక్వెస్ట్‌లో రాయండి. ఒకే రకం కామెంట్ మూడోసారి వచ్చిందంటే దాన్ని మీ సొంత చెక్‌లిస్ట్‌లో చేర్చాలి.

‘బేసిక్స్ కూడా రావా’ అని రాస్తే అది రివ్యూ కాదు. ‘ఏ లైన్‌లో ఏం మార్చాలో చెప్పండి’ అని అక్కడే జవాబివ్వండి. మళ్ళీ మళ్ళీ జరిగితే లింకులన్నీ కలిపి మేనేజర్‌కు చూపించండి.

వారానికి రెండు చొప్పున ఇతరుల కోడ్ మీరూ రివ్యూ చేయండి. తప్పు పట్టడమే పని కాదు. ‘ఇక్కడ ఇలా ఎందుకు?’ అని అడిగినా రివ్యూనే. సీనియర్ కోడ్‌లోనూ బగ్‌లుంటాయని కళ్ళారా చూశాక వచ్చే నిబ్బరం వేరు. ఒక్క జాగ్రత్త: ఏఐ రాసిచ్చిన కోడ్‌లో ఏ లైన్ ఎందుకుందో చెప్పలేకపోతే పంపొద్దు. రివ్యూలో మొదటి ప్రశ్న సరిగ్గా ఆ లైన్ మీదే పడుతుంది.

సిరోంచ నుంచి: ఇంటి నుంచి పని. కరెంటు పోగానే మీటింగ్ మధ్యలో మాయమైపోతాను. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, అయినా నెట్ పోతోంది. టీమ్‌లో ‘నెట్ లేని అమ్మాయి’ అని పేరు పడింది.

జవాబు: మీ దగ్గర తెగుతున్నది కరెంటు మారే ఆ అర క్షణంలో. ఇన్వర్టర్ అందుకునేలోపు రౌటర్ ఆరిపోయి, మళ్ళీ బూట్ అయ్యి లైన్ పట్టడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. ముందు ఇన్వర్టర్ వెనుక చూడండి. యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటే అటు పెట్టండి, మారే సమయం తగ్గుతుంది. దాంతో కుదరకపోతే రౌటర్‌కు మినీ యూపీఎస్ (కరెంటు పోయినా రౌటర్‌ను నడిపే చిన్న బ్యాటరీ) కొనండి.

కొనే ముందు రౌటర్ అడాప్టర్ మీద చీటీ చదవండి. చాలా ఫైబర్ రౌటర్లకు 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటుంది. కొన్నింటికి 2 ఆంపియర్లు. యూపీఎస్ ఇచ్చే వోల్టేజ్ అదే కావాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. పిన్ సైజు కూడా కలవాలి. డబ్బా మీద 10,000 ఎంఏహెచ్ అని చూసి మురిసిపోకండి. ఆ లెక్క లోపలి 3.7 వోల్టుల సెల్‌ది. 10,000 ఎంఏహెచ్ అంటే 10 ఆంపియర్ గంటలు, దాన్ని 3.7తో గుణిస్తే 37 వాట్ గంటలు. 12 వోల్టులు, 1 ఆంపియర్ అంటే 12 వాట్లు. అలాంటి రౌటర్‌కు లెక్కలో మూడు గంటలు, వృథా పోగా సుమారు రెండున్నర. ఫైబర్ పెట్టె వేరు, వైఫై రౌటర్ వేరు అయితే రెండింటికీ బ్యాకప్ కావాలి, సమయం సగానికి పడిపోతుంది.

రౌటర్ వెలుగుతున్నా నెట్ లేకపోతే లైట్లు చూడండి. లాస్ (LOS) అనే లైట్ ఎర్రగా ఉంటే కాంతి సిగ్నలే రావడం లేదు. వైరు తెగింది, లేదా ఆపరేటర్ దగ్గర పెట్టె ఆగింది. దానికి మీ యూపీఎస్ ఏమీ చేయలేదు. అందుకే ఫైబర్ ఏ కంపెనీదో దానికి వేరైన కంపెనీ సిమ్‌ను హాట్‌స్పాట్‌గా సిద్ధంగా ఉంచుకోవాలి. ఇంట్లో సిగ్నల్ ఏ కిటికీ దగ్గర బాగా వస్తుందో వానాకాలం రాకముందే చూసి పెట్టుకోండి. విండోస్‌లో ఆ హాట్‌స్పాట్‌ను మీటర్డ్ కనెక్షన్‌గా గుర్తు పెడితే అప్‌డేట్లు చాలావరకు మీ డేటా తినేయవు. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే సురక్షితమైన దారి) మళ్ళీ ఓటీపీ అడుగుతుంది కాబట్టి ఖాళీ రోజున ఒకసారి ఫైబర్ నుంచి హాట్‌స్పాట్‌కు మొత్తం మార్చి చూడండి.

ఇవన్నీ అయ్యాక టీమ్‌కు ఒక్క లైన్ రాయండి: ‘లైన్ పోతే ఐదు నిమిషాల్లో ఫోన్ నుంచి ఆడియోలో చేరతాను.’ రెండు మూడు సార్లు అన్నట్టే చేరితే ఆ పేరు పోతుంది. మీటింగ్ అయ్యాక తేలిన విషయాలను మీరే రాసి పంపడం మొదలుపెట్టండి. ఆ పని ఎవరూ చేయరు, చేసినవాళ్ళను అందరూ గుర్తుపెట్టుకుంటారు.

పర్లాకిమిడి నుంచి: నాలుగేళ్ళుగా మాన్యువల్ టెస్టింగ్. డెవలప్‌మెంట్‌కు మారతానంటే ‘ఆడపిల్లలకు టెస్టింగే నయం, టెన్షన్ ఉండదు’ అంటారు మా మేనేజర్.

జవాబు: 1946లో ప్రపంచానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌కు ప్రోగ్రాములు రాసిన మొదటి ఆరుగురూ ఆడవాళ్ళే. అపోలో అంతరిక్ష నౌకల సాఫ్ట్‌వేర్ బృందానికి నాయకురాలు మార్గరెట్ హామిల్టన్. మీ మేనేజర్‌గారికి ఈ మాట చెప్పినా ఉపయోగం ఉండకపోవచ్చు. పని చూపించడమే దారి.

మీ ప్రాడక్ట్ ఏ భాషలో ఉందో ఆ భాషే నేర్చుకోండి, యూట్యూబ్‌లో ఏది ఊపు మీదుంటే అది కాదు. ప్రతి రిలీజ్‌కు చేత్తో చేసే పరీక్షల్లో ఎక్కువ మారనివి 15 ఎంచుకుని ఆటోమేట్ చేయండి. స్క్రీన్ కంటే ముందు ఏపీఐ పరీక్షలు. బటన్ జరిగినప్పుడల్లా స్క్రీన్ పరీక్షలు విరుగుతాయి, ఏపీఐవి అంత తేలిగ్గా విరగవు. స్క్రీన్‌వి రాసేటప్పుడు ‘5 సెకన్లు ఆగు’ అని పెట్టకండి. సర్వర్ నెమ్మదించిన రోజున అది ఉత్తినే ఫెయిల్ అవుతుంది, రెండుసార్లు అలా జరిగితే మీ పరీక్షలను ఎవరూ నమ్మరు. ఫలానా బటన్ కనబడేదాకా ఆగు అని రాయాలి. అవి ప్రతి రాత్రి జెంకిన్స్‌లో (చెప్పిన వేళకు పరీక్షలను తనంతట తానే నడిపే సాఫ్ట్‌వేర్) నడిచి పొద్దున రిపోర్టు వచ్చేలా చేస్తే మీరు సగం దారి దాటినట్టే.

మిగతా సగం బగ్ రిపోర్టులో ఉంది. ‘లాగిన్ పని చేయట్లేదు’ అని వదిలేయకుండా లాగ్‌లో (ప్రోగ్రాము నడుస్తూ రాసుకునే చిట్టా) ఎర్రర్ ఏ ఫైల్, ఏ లైన్‌లో పుట్టిందో రాయండి. ఆరు నెలలు అలా రాశాక, ఏ లైన్ మార్చాలో మీకే తెలిసిన చిన్న బగ్‌లను ‘ఇది నేనే సరిచేస్తాను’ అని అడగండి. అలా సరిచేసినవి పది పన్నెండు పోగయ్యాక టీమ్ మార్పుకు దరఖాస్తు పెట్టండి. కాదంటే బయటి ఇంటర్వ్యూలకు అవే చూపించవచ్చు.

కిన్వట్ నుంచి: లైవ్ డేటాబేస్‌లో అప్‌డేట్ (రికార్డులు మార్చే ఆజ్ఞ) రాస్తూ వేర్ (ఏ రికార్డులో చెప్పే షరతు) మర్చిపోయాను. వేల రికార్డులు మారిపోయాయి. బ్యాకప్ నుంచి తెచ్చారు గానీ, అప్పటి నుంచి క్వెరీ (డేటాబేస్‌కు ఇచ్చే ఆజ్ఞ) రాయాలంటే చేతులు వణుకుతున్నాయి.

జవాబు: చేతులు వణకడం కొంత మంచిదే, దానికో పద్ధతి తోడైతే చాలు. ముందు అదే షరతుతో సెలెక్ట్ కౌంట్ (ఎన్ని రికార్డులున్నాయో లెక్కించే ఆజ్ఞ) నడపండి. 12 రావాలనుకున్న చోట 12,000 వస్తే అక్కడే ఆగుతారు. తర్వాత బిగిన్ అని ట్రాన్సాక్షన్ తెరిచి అప్‌డేట్ నడపండి. ఎన్ని రికార్డులు మారాయో అది చెబుతుంది. అంకె కలిస్తే కమిట్ (ఖాయం చేయడం), కలవకపోతే రోల్‌బ్యాక్ (వెనక్కి తిప్పడం). బిగిన్ తప్పనిసరి, ఎందుకంటే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మామూలుగా ప్రతి ఆజ్ఞనూ వెంటనే ఖాయం చేసేస్తుంది. టేబుల్‌ను తీసేసే డ్రాప్, ఖాళీ చేసే ట్రంకేట్‌లకు మైఎస్‌క్యూఎల్‌లో రోల్‌బ్యాక్ లేనే లేదు. ట్రాన్సాక్షన్ తెరిచి భోజనానికి వెళ్ళకండి, ఆ రికార్డులు లాక్ అయి మిగతావాళ్ళ పని ఆగిపోతుంది.

మళ్ళీ ఇలాంటిది జరిగితే మొదటి రెండు నిమిషాల్లో ముగ్గురికి చెప్పండి: లీడ్, డేటాబేస్ చూసేవాళ్ళు, ఆ డేటా వాడే టీమ్. ఏ టేబుల్, ఏ సమయం, ఏ క్వెరీ. క్షమాపణలు తర్వాత. సరైన నిమిషం తెలిస్తేనే దానికి ముందున్న స్థితికి తేగలరు. నిజానికి లైవ్ డేటాబేస్‌లో ఒక్క మనిషి చేత్తో, ఇంకొకరు చూడకుండా రాయగలగడమే మీ కంపెనీ లోపం. స్క్రిప్టు రాసి మరొకరు చదివాకే నడపాలన్న నియమాన్ని మీరే ప్రతిపాదించండి. ఆ కాగితం మీ పేరు మీద ఉంటుంది.

బల్లార్షా నుంచి: ఏడాదంతా పని నాది, ప్రెజెంటేషన్ ఇంకొకరిది. రేటింగ్ మామూలే. వేరే కంపెనీ ఏడాదికి 6 లక్షల ప్యాకేజీ ఇస్తామంటోంది. ఎలా లెక్క చూసుకోవాలి, ఇంకా అడగొచ్చా?

జవాబు: రేటింగులు మేనేజర్ల మీటింగ్‌లో తేలతాయి, అక్కడ మీరు ఉండరు. మీ తరఫున మాట్లాడే మేనేజర్‌కు చేతిలో ఏదైనా ఉండాలి. అప్రైజల్‌కు మూడు వారాల ముందే ఐదు లైన్లు పంపండి. ప్రతి లైన్‌లో ముందు ఎలా ఉండేది, నేనేం చేశాను, ఇప్పుడెలా ఉంది. ‘నెలాఖరు రిపోర్టుకు 50 నిమిషాలు పట్టేది. క్వెరీ మార్చి ఇండెక్స్ వేశాను. ఇప్పుడు 6 నిమిషాలు.’ ‘చాలా కష్టపడ్డాను’ అన్న లైన్‌కు అక్కడ విలువ లేదు. ఈసారి ప్రెజెంటేషన్ ఖరారయ్యే రోజే ‘నేను చేసిన భాగం నేనే చూపిస్తాను’ అని మెయిల్ పెట్టండి.

ఇక 6 లక్షలు. బేసిక్ (మూల జీతం) సగం, అంటే 3 లక్షలనుకుందాం. కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, 36,000. గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) 4.81 శాతం, 14,430. వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) 10 శాతం అయితే 60,000. ఇవన్నీ తీసేస్తే 4,89,570, నెలకు సుమారు 40,800. అందులోంచి మీ వాటా పీఎఫ్ 3,000, హైదరాబాద్‌లో అయితే వృత్తి పన్ను 200. చేతికొచ్చేది దాదాపు 37,600. కొన్ని కంపెనీలు పీఎఫ్‌ను నెలకు 1,800 దగ్గరే ఆపుతాయి, అప్పుడు చేతికి కాస్త ఎక్కువ వస్తుంది. గ్రాట్యుటీ మామూలుగా ఐదేళ్ళుంటే గానీ రాదు, వేరియబుల్ పూర్తిగా వస్తుందన్న హామీ లేదు. ఇప్పటి పే స్లిప్‌ను ఈ 37,600తో పోల్చండి. మొత్తం ప్యాకేజీని ప్యాకేజీతో పోలిస్తే మోసపోతారు.

అడగొచ్చు, అడగాలి కూడా. ఒక అంకె, ఒక కారణం. ‘రిపోర్టింగ్ మొత్తం ఒక్కదాన్నే చూస్తున్నాను, ఇదే అనుభవానికి మీ దగ్గర 7 దాకా ఇస్తున్నారని విన్నాను. 6.8 అయితే ఖాయం చేస్తాను.’ అని ఆగిపోండి. ఆ నిశ్శబ్దాన్ని నింపాలని మీరే తగ్గించుకోవద్దు. ఇంటి లోను, తమ్ముడి చదువు లాంటి కారణాలు చెప్పకండి, హెచ్‌ఆర్ వాటి మీద లెక్క వేయదు. ప్యాకేజీ పెంచలేమంటే వేరియబుల్‌ను ఫిక్స్‌డ్‌లోకి మార్చమనండి. నోటీసు పీరియడ్ 90 రోజులా 60 రోజులా, జాయినింగ్ బోనస్ ఇస్తే ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలా, ఇవి ఆఫర్ లెటర్‌లో చదివాకే రాజీనామా. నోటిమాట మీద కాదు. కొత్త చోట పాత యూఏఎన్ (పీఎఫ్ ఖాతాలకు ఉండే) నంబరే ఇవ్వండి.

రాయగడ నుంచి: బాబు పుట్టాక 2022లో జావా ఉద్యోగం మానేశాను. అంతకుముందు ఐదేళ్ళ అనుభవం. ఇప్పుడు తిరిగి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? విరామాన్ని ఎలా చెప్పాలి?

జవాబు: రెజ్యూమెలో ఒక్క లైన్: ‘2022 నుంచి విరామం, శిశు సంరక్షణ.’ దాచితే ఇంటర్వ్యూ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఐదేళ్ళు చేసిన జావా ఎక్కడికీ పోలేదు. ఫ్యాషన్ అని కొత్త రంగంలోకి దూకితే ఫ్రెషర్ అయిపోతారు. మారినదేమిటో అదే చదవండి. జావా ప్రోగ్రాములు కట్టడానికి వాడే స్ప్రింగ్ బూట్‌లో 2022 నవంబరులో వచ్చిన 3వ వెర్షన్‌కు కనీసం జావా 17 కావాలి, పైగా జావాఎక్స్ ప్యాకేజీల్లో చాలావాటి పేర్లు జకార్తాగా మారాయి. పాత ప్రాజెక్ట్ ఒకటి తీసి మీరే బూట్ 3కు మార్చి చూడండి. మొదట వచ్చే ఎర్రర్లు చాలావరకు ఆ పేర్లవే. తర్వాత 2023 సెప్టెంబరులో వచ్చిన జావా 21 చూడండి. రోజుకు గంటన్నర చొప్పున ఇది మూడు వారాల పని. ఆపై ఐదు వారాలు ఒకే ఒక చిన్న ప్రాజెక్ట్, ఉదాహరణకు కిరాణా కొట్టు అరువు ఖాతా. ఏపీఐ, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, టెస్టులు, డాకర్‌లో (ప్రోగ్రామును ఏ మెషిన్‌లోనైనా ఒకేలా నడిపే సాధనం) పెట్టి నడపడం. సగంలో ఆగిన నాలుగు ప్రాజెక్టుల కంటే నడిచే ఒక్కటి మేలు. ఆ తర్వాతి నెల దరఖాస్తులు. పోర్టల్స్ కంటే ముందు పాత సహోద్యోగులకు మెసేజ్ పెట్టండి. పెద్ద కంపెనీల్లో విరామం తర్వాత వచ్చే ఆడవాళ్ళకు ప్రత్యేక నియామకాలూ ఉంటాయి, అవీ చూడండి.

‘బాబుతో కుదురుతుందా?’ అని అడిగితే ఇంటి ఏర్పాట్లు వివరించనక్కర్లేదు. ‘పని వేళలు చెప్పండి, ఆ వేళల్లో ఉంటాను’ చాలు. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని చట్టం. ఆ సదుపాయం ఎక్కడుందని మీరే ఎదురడగండి.

ఊరు కూడా వేయొద్దన్నారు: టీమ్ లీడ్ రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో పనికి సంబంధం లేని మెసేజ్‌లు పెడుతున్నాడు. ఫొటో పంపమంటాడు. ఇంటి నుంచి పని కాబట్టి ఇది ఆఫీసు విషయం కిందికి రాదంటున్నారు.

జవాబు: వస్తుంది. పనిచేసే చోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపులను ఆపడానికి తెచ్చిన 2013 నాటి చట్టంలో పనిచేసే చోటు అంటే ఆఫీసు గదే కాదు, ఇంటినీ లెక్కలోకి తీసుకున్నారు. ముందు ఒక్కసారి స్పష్టంగా రాయండి: ‘ఇలాంటి మెసేజ్‌లు వద్దు. పని విషయాలు ఆఫీసు వేళల్లో టీమ్ ఛానెల్‌లో రాయండి.’ ఏదీ డిలీట్ చేయకండి. నంబరు, తేదీ, సమయం కనబడేలా, కత్తిరించకుండా స్క్రీన్‌షాట్లు తీసి సొంత మెయిల్‌కు పంపుకోండి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఉంచితే రేపు అది మీ చేతిలో ఉండకపోవచ్చు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలో అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అధ్యక్షురాలు మహిళ, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి సభ్యులు ఒకరు. చివరి ఘటన జరిగిన మూడు నెలల్లో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించగలదు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఆ లోపు అతని కింద పని చేయకుండా మార్చమని, లేదా మూడు నెలల దాకా సెలవు ఇమ్మని రాతపూర్వకంగా అడగవచ్చు. పదిమంది కంటే తక్కువున్న సంస్థ అయితే జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళాలి. కేంద్ర ప్రభుత్వ షీ-బాక్స్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

జయపురం నుంచి: ఆన్‌లైన్ ఇంటర్వ్యూ పది నిమిషాల్లో అయిపోయింది. ల్యాప్‌టాప్ డిపాజిట్‌గా 15,000 కడితే రేపే ఆఫర్ లెటర్ అంటున్నారు. కట్టనా?

జవాబు: కట్టకండి. ఉద్యోగం ఇచ్చే కంపెనీ ల్యాప్‌టాప్‌కు మీ దగ్గర డబ్బు తీసుకోదు. మెయిల్ చిరునామాలో @ తర్వాత ఉన్నది కంపెనీ వెబ్‌సైట్ పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలుస్తుందో లేదో చూడండి, ఆ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకే ఫోన్ చేసి అడగండి. ఆధార్, బ్యాంకు వివరాలు ఇప్పటికే పంపి ఉంటే బ్యాంకుకు చెప్పండి. డబ్బు కూడా వెళ్ళిపోయి ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే ఆ ఖాతాలో డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.